నాలుగో లైన్‌కి ప్రతిపదార్థం

మా అక్క కూతురు ఈ ఏడాదే డిగ్రీలో చేరింది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. కాలేజీలో పైథాన్ మొదలుపెట్టారట. ఒక ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. వాళ్లమ్మ క్యాలెండర్ మీద గీతలు పెట్టి, నెలాఖరున వేళ్ల మీద లెక్కేసే పాల ఖాతాని ఐదు లైన్ల ప్రోగ్రాంగా రాసింది. ఎవరో ఇచ్చిన హోంవర్క్ కాదు, తనకు తోచి రాసింది. నాకు చాలా ముచ్చటేసింది. నడిపి చూపించబోతే మధ్యలో ఆగిపోయి, తెర మీద ఇంగ్లీషులో నాలుగైదు వరసలు పడ్డాయి.

“పనిచెయ్యట్లేదు పిన్నీ.”

“ఏమంటోంది?”

“ఎర్రర్ వచ్చింది.”

“అదే, ఆ ఎర్రర్ ఏమంటోంది?”

తను తెర వైపు చూడలేదు. నా మొహం వైపు చూసింది.

ఆ చూపు నాకు బాగా తెలుసు. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లల దగ్గర ఏటా చూస్తాను. ఎర్రర్ కనబడగానే కళ్లు పక్కకి జారిపోతాయి. అది తమని తిడుతోందని, తిట్టుని కూర్చుని చదివేదేముందని లోపల ఒక భావం. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి దాని మీద ఇంగ్లీషు భయం అదనం. అలాంటప్పుడు కీబోర్డు మనవైపు లాక్కుని సరిచేసి ఇచ్చేస్తే రెండు నిమిషాల్లో పని తెమిలిపోతుంది. కానీ ‘ఇవి చదవగలిగేవాళ్లు వేరే ఉంటారు’ అన్న నమ్మకం ఆ పిల్లలో ఇంకొంచెం గట్టిపడుతుంది. సందేశాన్ని కాపీ చేసి ఏఐకి ఇచ్చి, అది రాసిచ్చిన కోడ్ అతికించినా జరిగేది ఇదే.

అందుకని ఆ రోజు పాత పద్ధతి ఒకటి పట్టాను. కావ్యం చెప్పేవాళ్లు శ్లోకాన్ని ముందు పదాలుగా విడగొడతారు. ఒక్కో పదానికి అర్థం చెబుతారు, అన్వయం కుదురుస్తారు, ఆ తర్వాతే తాత్పర్యానికి వస్తారు. మెదక్ దగ్గరి కొల్చారం వాడని చెప్పే మల్లినాథసూరి కాళిదాసుకి వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ముందే మాటిచ్చాడు. ఎర్రర్ చదవడానికి అంతకన్నా మంచి నియమం నాకు కనబడలేదు. కావ్యానికున్న లోతు ఎర్రర్‌కి ఉండదు. కానీ అందులోని ప్రతి మాటా ఏదో ఒక పని మీదే అక్కడికొచ్చింది.

తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నదాన్ని ఇక్కడ మన లిపిలో పెడుతున్నాను. ముందు ప్రోగ్రాం:

పాత_బాకీ = ఇన్‌పుట్("పాత బాకీ ఎంత? ")
లీటర్లు = 30
ధర = 60
మొత్తం = పాత_బాకీ + లీటర్లు * ధర
ప్రింట్(మొత్తం)

బాకీ అడిగినప్పుడు తను 250 కొట్టింది. 2050 రావాలి. వచ్చింది ఇది:

ట్రేస్‌బ్యాక్ మోస్ట్ రీసెంట్ కాల్ లాస్ట్:
ఫైల్ "పాలు.పీవై", లైన్ 4, ఇన్ మాడ్యూల్
మొత్తం = పాత_బాకీ + లీటర్లు * ధర
~~~~~~~~~^~~~~~~~~~~~~~
టైప్‌ఎర్రర్: కెన్ ఓన్లీ కాన్‌కాటినేట్ ఎస్‌టీఆర్ నాట్ ఇంట్ టు ఎస్‌టీఆర్

“పైకి చదువు” అన్నాను. తడబడుతూ చదివింది. “ఇంకోసారి” అన్నాను. రెండోసారికి గొంతు నిలబడింది. అప్పుడు మొదలుపెట్టాం.

ట్రేస్‌బ్యాక్ — అడుగుజాడలు పట్టుకుని వెనక్కి నడవడం. ప్రోగ్రాం ఎక్కడ ఆగిందో, అక్కడికి ఏ దారిన వచ్చిందో చెప్పే పట్టీ ఇది. పాల లెక్కలో దారంతా ఒక్క అడుగే, అందుకే ఒక్క ఫైల్ వరసే ఉంది. ఫంక్షన్లు ఒకదాన్నొకటి పిలుచుకునే ప్రోగ్రాంలో ఇదే పేజీ పొడుగు సాగుతుంది. పొడుగు చూసి తప్పు పెద్దదని బెదిరిపోతారు. ఆ పొడుగు నడిచొచ్చిన దారిది. తప్పు ఒక్క కామా కూడా కావచ్చు.

మోస్ట్ రీసెంట్ కాల్ లాస్ట్ — ‘ఆఖర్న జరిగినది ఆఖర్న రాసి ఉంది’ అని. ఈ సందేశాన్ని ఎలా చదవాలో సందేశమే చెబుతోంది. అయినా దీన్ని దాదాపు ఎవరూ చదవరు. పుస్తకం పైనుంచి చదవడం అలవాటు కాబట్టి ఇదీ పైనుంచే మొదలుపెట్టి, తెలియని ఫైళ్ల పేర్ల మధ్య తప్పిపోయి, అసలు వాక్యం దాకా వెళ్లకుండానే వదిలేస్తారు. పైథాన్ ఎర్రర్‌ని కింది వరస నుంచి చదవాలి. ముందు ఏమైందో, తర్వాత ఎక్కడో, ఆ తర్వాత అవసరమైతే ఎలా వచ్చిందో. జావా నేర్చుకున్నప్పుడు ఇది తలకిందులవుతుందని కూడా తనకి చెప్పి ఉంచాను. అక్కడ తాజా అడుగు పైన ఉంటుంది.

ఫైల్ "పాలు.పీవై" — చిన్న మాటలా కనిపిస్తుంది గానీ, మనుషుల పూటలు పూటలు దీని దగ్గరే పోవడం చూశాను. మా టీంలో ఒకబ్బాయి మధ్యాహ్నమంతా ఒకే లైన్‌ని పదిరకాలుగా మార్చాడు. ఎర్రర్ అక్షరం కూడా మారలేదు. డెస్క్‌టాప్ మీది ఫైల్ మారుస్తున్నాడు, నడిపేది డౌన్‌లోడ్స్‌లో ఉన్న పాత కాపీని. ఫైల్ పేరు, దాని ముందున్న ఫోల్డర్ దారి మొదటి నుంచీ తెర మీదే ఉన్నాయి. అందుకని నేను చెప్పేది ఒకటే. నువ్వు మార్చాక కూడా సందేశం చెక్కుచెదరకుండా అలాగే ఉందంటే, ఫైల్‌ని అనుమానించు. సేవ్ చేశావా చూడు. మొదటి లైన్‌లో ‘ఇక్కడికొచ్చాను’ అని ప్రింట్ పెట్టు. అది కనబడకపోతే నువ్వు నడిపేది వేరే ఫైల్. ఇంకో ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. పాచికల ఆట రాస్తూ ఫైల్‌కి రాండమ్ అని పేరు పెడితే, పైథాన్ తన సొంత రాండమ్ మాడ్యూల్ బదులు మీ ఫైల్‌నే తెచ్చుకుంటుంది.

లైన్ 4 — ఈ పదం దగ్గర ఎక్కువసేపు ఆగాం. ఎందుకంటే ఇది నిజమే చెబుతుంది గానీ, మనం అనుకునే నిజం చెప్పదు. నాలుగో లైన్‌లో ఏం తప్పుందో చెప్పమన్నాను. తను ఒక్కో అక్షరం చూసింది. పేర్లు సరిగ్గానే ఉన్నాయి, గుర్తులు సరిగ్గానే ఉన్నాయి. “తప్పేం లేదు పిన్నీ” అంది, తనే తప్పు చెబుతున్నట్టు నెమ్మదిగా. తప్పు లేదన్నమాట నిజం. వానాకాలం పెంకుటింట్లో నీళ్లు మంచం మీద పడతాయి. పెంకు పగిలింది మాత్రం ఎక్కడో పైన, నీళ్లు వాసం వెంబడి జారి ఇక్కడ చుక్కలవుతాయి. లైన్ 4 అంటే నీళ్లు పడ్డ చోటు. పైథాన్‌కి తేడా తెలిసొచ్చింది అక్కడ. తేడా పుట్టింది మొదటి లైన్‌లో. కాబట్టి చెప్పిన లైన్‌లో ఏమీ కనబడకపోతే, అందులో వాడిన ఒక్కో పేరునీ పట్టుకుని అది ఎక్కడ పుట్టిందో పైకి వెతుక్కుంటూ పోవాలి.

బ్రాకెట్ మూయడం మరిచిపోయినప్పుడు కూడా ఇదే జరిగేది. పాత వెర్షన్లు తప్పున్న లైన్‌ని వదిలేసి దాని కింది లైన్‌ని చూపించేవి. ఏ పాపం ఎరగని లైన్ ముందు కూర్చుని పిల్లలు తల పట్టుకునేవాళ్లు. 2021లో వచ్చిన 3.10 నుంచి, తెరిచిన బ్రాకెట్‌నే చూపించి దీన్ని మూయలేదని చెబుతోంది. ఇలా సందేశాలు మెరుగుపరిచిన వాళ్లకి నేను మనసులో ఎన్నోసార్లు దండం పెట్టుకున్నాను.

ఇన్ మాడ్యూల్ — ఏ ఫంక్షన్‌లోనూ కాకుండా ఫైల్ పైమట్టంలోనే ఉందని. అంతే.

~~~^~~~ — ఇవి అలంకారం కాదు. 2022 అక్టోబరులో వచ్చిన 3.11తో మొదలైన సౌకర్యం. లైన్ మొత్తంలో ఏ ముక్క దగ్గర చిక్కు వచ్చిందో కింద గీత గీసి, మధ్యలో ఒక మొన పెడుతుంది. మొన ఎవరి కింద ఉందో చూడమన్నాను. “ప్లస్ కింద.” అంటే గుణకారం సవ్యంగానే జరిగిపోయింది, 1800 తయారైంది, దాన్ని బాకీకి కలపబోతే కుదర్లేదు. సందేశంలో ఒక్క పదం కూడా చదవకముందే సగం లైన్ అనుమానం నుంచి బయటపడింది.

టైప్‌ఎర్రర్ — మన పేర్లలో ఇంటిపేరు ముందొచ్చినట్టు ఎర్రర్‌కి కూడా ఇంటిపేరు ముందుంటుంది. కోలన్ తర్వాత వచ్చేది ఈ ఒక్క సందర్భానిది. ఇంటిపేరు తెలిస్తే సగం తెలిసినట్టే. నేమ్‌ఎర్రర్ అంటే ఆ పేరుగలది తనకి తెలీదని, చాలాసార్లు స్పెల్లింగే. ఇండెంటేషన్‌ఎర్రర్ అంటే లైన్ ముందు వదిలిన ఖాళీలు పొసగలేదని. వాల్యూఎర్రర్ అంటే రకం మంచిదే, లోపలి సరుకు బాగోలేదని. టైప్‌ఎర్రర్ అంటే సరుకు సంగతి తర్వాత, అసలు రకమే వేరని.

రెండో సగం ‘ఎర్రర్’ అనే మాట మీద కూడా ఆ పిల్లకి ఒకటి చెప్పాలనిపించింది. 1949లో కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ బృందం ఎడ్‌శాక్ అనే కంప్యూటర్‌ని నడిపించింది. ప్రపంచంలో మొట్టమొదటి కంప్యూటర్లలో అదొకటి. ఆయన దానికోసం 126 ఆదేశాల ప్రోగ్రాం ఒకటి రాశాడు. అందులో తప్పులు ఇరవై దాకా ఉన్నాయి. మెట్లెక్కుతుండగా, తన మిగతా జీవితంలో పెద్ద భాగం తన ప్రోగ్రాంలలోని తప్పులు వెతుక్కోవడానికే పోతుందని ఆ రోజుల్లో ఒక్కసారిగా అర్థమైందని తర్వాత రాసుకున్నాడు. తయారుచేసిన మనిషికే మొదటి రోజుల నుంచీ ఉన్నది ఇది. ఐదు లైన్లలో ఒక్క తప్పు వచ్చినందుకు నువ్వు తలొంచుకోనక్కర్లేదమ్మా అన్నాను.

కాన్‌కాటినేట్ — వాక్యానికి గుండె ఇక్కడుంది, భయపెట్టేదీ ఇదే. ఇంటర్ దాకా ఏ పాఠంలోనూ తగలని మాట. లాటిన్‌లో గొలుసుకున్న పేరులోంచి వచ్చింది. కొక్కేనికి కొక్కెం తగిలించినట్టు ఒకదాని చివర ఇంకోటి అతికించడం. తనకి అర్థం కావడానికి చీటీలు తీశాను. ఒక చీటీ మీద 12 అని, ఇంకో దాని మీద 3 అని రాసి, రెండూ పక్కపక్కన పెట్టి “చదువు” అన్నాను. “నూట ఇరవై మూడు.” “కూడు.” “పదిహేను.” “రెండిట్లో ఏది చెయ్యమంటావు?” తను ఒక్క క్షణం ఆగి, “దానికెలా తెలుస్తుంది ఏది చెయ్యాలో?” అని నన్నే ఎదురడిగింది. ఆ ప్రశ్న కోసమే ఆ పూటంతా కూర్చున్నాననిపించింది. పైథాన్ ప్లస్ గుర్తుకి ఎడమ, కుడి పక్కల ఏ రకాలున్నాయో చూస్తుంది. రెండూ అంకెలైతే కూడుతుంది. రెండూ అక్షరాలైతే అతికిస్తుంది. ఎడమ పక్క అక్షరాలు కనబడ్డాయి కాబట్టి అతికించే ఉద్దేశంలోకి వెళ్లిపోయింది. అందుకే సందేశంలో కూడిక అన్న మాటే లేదు.

ఎస్‌టీఆర్ — స్ట్రింగ్ అన్నమాటకి పొట్టి. కోట్ గుర్తుల మధ్య ఉండే అక్షరాల వరస. దారానికి గుచ్చిన పూసల్లాంటివి, ఏ పూస మీద ఏముందో దారానికి పట్టదు. ‘250’ అనేది దాని దృష్టిలో రెండు, అయిదు, సున్నా అనే మూడు బొమ్మలు. “కానీ నేను అంకెలే కొట్టాను కదా!” ఈ అభ్యంతరం న్యాయమైనది. జవాబు ఇన్‌పుట్ అనే పదంలో ఉంది. మనిషి ఏం కొట్టినా, ఊరిపేరైనా ఫోన్ నంబరైనా, అది అక్షరాలుగానే తెచ్చిస్తుంది. పాత పైథాన్ 2లో ఇలా ఉండేది కాదు. అక్కడి ఇన్‌పుట్ కొట్టినదాన్ని లెక్కగట్టి అంకెగానే ఇచ్చేది. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3 దాన్ని మార్చేసింది. పైథాన్ 2కి 2020 జనవరి 1తో నిర్వహణ కూడా ఆగిపోయింది. పాత పుస్తకం చూసి, పాత వీడియో చూసి రాసినవాళ్లకి ‘అందులో వచ్చింది, నాకెందుకు రాలేదు’ అన్న బాధ చాలాసార్లు ఇక్కడి నుంచే.

నాట్ ఇంట్ — ఇంట్ అంటే పూర్ణాంకం. ఇందాకటి 1800. కుడి పక్కనున్నది ఇదీ అని వేలు పెట్టి చూపిస్తోంది.

అన్వయం. ఇంగ్లీషు వాక్యంలో క్రియ ముందొచ్చేసి, కావాల్సిన రెండు మాటలూ చెరో పక్కకి పోయాయి. తెలుగు వరసలో పెట్టమన్నాను. కాగితం మీద కొట్టేసి, మళ్లీ రాసి, చివరికి ఇలా తేల్చింది: “అక్షరాలకి అక్షరాలనే అతికించగలను, అంకెని కాదు.” రాసినదాన్ని తనే రెండుసార్లు చదువుకుంది. తర్వాత నేనేం అనకుండానే మొదటి లైన్‌కి వెళ్లి, ఇన్‌పుట్ చుట్టూ, అక్షరాలని పూర్ణాంకంగా మార్చే ఇంట్ తొడిగి, నడిపింది. 2050.

ఆపై టీ తాగేసి వెళ్లిపోవచ్చు. కానీ తనకి ఉత్సాహం వచ్చింది. లీటర్లు కూడా నెలనెలా మారతాయిగా, అదీ అడుగుతానని రెండో లైన్‌ని ఇన్‌పుట్‌గా మార్చింది. ఇంట్ తొడగడం మరిచిపోయింది. నాకు కనబడింది, చెప్పలేదు. బాకీకి 250, లీటర్లకి 30 కొట్టింది. మళ్లీ టైప్‌ఎర్రర్, కానీ ఈసారి మాటలు వేరు: అన్‌సపోర్టెడ్ ఆపరాండ్ టైప్స్ ఫర్ ప్లస్, ఇంట్ అండ్ ఎస్‌టీఆర్. ఎడమ పక్క అంకె ఉండేసరికి కూడే ఉద్దేశంలో ఉంది, అందుకే అతికించే ఊసు ఎత్తలేదు. మొన మళ్లీ ప్లస్ కిందే. తను ప్లస్ చుట్టూ తిరిగింది, బాకీని చూసింది, అది బాగానే ఉంది. “అయినా లీటర్లు అక్షరాలైతే గుణకారం దగ్గరే ఆగాలి కదా?”

ఆగదు. పైథాన్‌లో అక్షరాలని అంకెతో గుణిస్తే అన్నిసార్లు రాయమని అర్థం. “ఆ గుణకారం ఒక్కటే ప్రింట్ చేసి చూడు” అన్నాను. చేసింది. 303030 అంటూ ముప్ఫై అరవైసార్లు, నూట ఇరవై అంకెల గొలుసు తెర అంచు దాటి కింది వరసలోకి దిగింది. ఇద్దరం దాన్ని చూస్తూ ఉండిపోయాం. పాత బాకీ అనేదే లేని ప్రోగ్రాం అయితే ఏ ఎర్రరూ రాకుండా ఆ అంకెల గొలుసే పాల బిల్లుగా బయటికొచ్చేది. సందేశం రాని తప్పు అంటే అదీ. అలాంటిదానికి ప్రతిపదార్థం చెప్పడానికి మూలమే ఉండదు. మధ్య మధ్య ప్రింట్ పెట్టుకుని, ‘ఏం వస్తుందనుకున్నాను, ఏం వచ్చింది’ అని రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసుకోవడమే. 2050 రావాలని ముందే నోటితో లెక్కేసుకుని ఉండటం ఎందుకు మంచిదో అప్పుడు తనకి తెలిసింది.

అక్కడ ఒక పొరపాటు చేసింది, అందరూ చేసేదే. కంగారులో ధరకి ఇంట్ తొడిగి, బాకీ దగ్గర తీసేసి, లైన్లు అటూ ఇటూ మార్చింది. ఇలా మూడు చోట్ల ఒకేసారి మారిస్తే ఏది ఎందుకు కుదిరిందో, ఏది చెడిందో తెలీదు. అన్నీ వెనక్కి తీయించాను. ఒక్కటి మార్చు, నడుపు, చదువు. ఈసారి లీటర్లకి మాత్రమే ఇంట్ తొడిగింది, కుదిరింది. సహాయం చేసేవాళ్లు గట్టిగా పట్టు పట్టాల్సింది ఈ ఒక్కచోటే అని నాకు గట్టి నమ్మకం. మిగతా అంతా పిల్లల చేతుల్లో వదిలేయొచ్చు.

మధ్యలో ఇంకో ప్రశ్న వేసింది, పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చా అని. పైథాన్ 3లో పెట్టుకోవచ్చు. ధర, మొత్తం అని తెలుగు అక్షరాల్లోనే రాస్తే నడుస్తుంది. ఒక్క జాగ్రత్త. ‘లీటర్‌ధర’ లాంటి పేరు కొట్టేటప్పుడు ర్, ధ కలిసిపోకుండా మన కీబోర్డు మధ్యలో కంటికి కనబడని అక్షరం ఒకటి పెడుతుంది. పేర్లలో దాన్ని పైథాన్ ఒప్పుకోదు. ఇన్‌వాలిడ్ నాన్‌ప్రింటబుల్ క్యారెక్టర్ అంటుంది. చూస్తే లైన్‌లో ఏమీ ఉండదు, ఎంత చూసినా ఉండదు. వర్డ్‌లో రాసి తెచ్చిన కోడ్‌లో వంకర కోట్ గుర్తులు పెట్టే బాధ కూడా ఇలాంటిదే.

ఇన్‌వాలిడ్ లిటరల్ ఫర్ ఇంట్ విత్ బేస్ 10 — సాయంత్రం వాళ్లమ్మ వచ్చి, ఈ నెల ముప్ఫైన్నర లీటర్లు అంది. 30.5 కొడితే వచ్చిన వాల్యూఎర్రర్ ఇది. ఈసారి తనే వ్యాఖ్యానం మొదలుపెట్టింది, నేను పక్కన కూర్చున్నాను. లిటరల్ అంటే రాసినది రాసినట్టు. బేస్ 10 అంటే మనం వాడే దశాంశ పద్ధతి. ‘పదుల పద్ధతిలో రాసిన పూర్ణాంకంగా ఇది చెల్లదు’ అని కుదుర్చుకుంది. చుక్క పూర్ణాంకంలో ఉండదు కాబట్టి అక్కడ ఇంట్ తీసేసి, చుక్కని ఒప్పుకునే ఫ్లోట్ పెట్టాం. బాకీలో 1,250 అని కామా పెట్టినా ఈ మాటే వస్తుంది. అదే తెలుగు అంకెల్లో ౩౦ అని కొట్టండి, ఇంట్ దాన్ని చక్కగా ముప్ఫైగా తీసుకుంటుంది. కొట్టి చూపిస్తే అక్క కళ్లు మెరిశాయి. బేస్ 10 అనే మాటలో మన అంకెలు కూడా ఉన్నాయి.

ఈ సందేశంలో నాకు బాగా నచ్చేది చివర్న ఉంటుంది. కోలన్ తర్వాత, తనకి అందినదాన్ని కోట్ గుర్తుల మధ్య ఉన్నదున్నట్టు చూపిస్తుంది: '30.5'.

పది రోజుల తర్వాత రాత్రి ఫోన్‌కి ఒక ఫోటో వచ్చింది. తెర ఫోటో, అదే వాల్యూఎర్రర్. నేను పెద్దది చేసి చూసేలోపే కింద వాయిస్ మెసేజ్ పడింది: “పిన్నీ, ఫోటో పంపాక చదివాను. కోట్స్ మధ్యలో ఏమీ లేదు చూడు. బాకీ లేదు కదా అని నేనేం కొట్టకుండా ఎంటర్ నొక్కేశాను. అప్పుడు సున్నా అనుకోమని దానికి ఎలా చెప్పాలి?”